సినిమాహాలు మీది భైరి

ప్రత్యేకాంధ్ర ఉద్యమం జరిగిన ఆ చలికాలం బెజవాడలో ఏ రోజు కొట్లు తీస్తారో, ఏ రోజు కర్ఫ్యూ పెడతారో ఎవరికీ తెలిసేది కాదు. నాకు పెళ్ళయి అప్పటికి ఏడాదిన్నర. పుట్టిల్లు పెడన. మా నాన్న మగ్గం నేసేవాడు. అత్తవారిది వన్‌టౌన్‌లో చేనేత బట్టల వ్యాపారం. కింద కొట్టు, మధ్య అంతస్తులో కాపురం, పైన డాబా. మా ఆయన వారంలో నాలుగు రోజులు సరుకు కోసం ఊళ్ళు తిరిగేవారు. ఇంట్లో మిగిలేది మావగారు, అత్తగారు, నేను.

మావగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముదిరితే గాని ఆపరేషను చెయ్యటం కుదరదని డాక్టరు చెప్పారు. ఒకప్పుడు ఆయన చీర మడత విప్పకుండానే అది ఏ ఊళ్ళో అద్దిన రంగో చెప్పేవారట. నేను కాపురానికి వచ్చేసరికి వేళ్ళతో తడిమి నేత చెప్పగలిగేవారు గాని, రంగు దగ్గర తడబడేవారు. ఒకరోజు నీలం అంచు అడిగిన ఆవిడకి నల్లంచు చీర తీసిచ్చారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. మర్నాటి నుంచి ఆయన కొట్లోకి దిగలేదు. ఎవరూ దిగొద్దనలేదు. డాబా మీద నీడలో పడక్కుర్చీ వేయించుకుని కూర్చునేవారు.

ఒక పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే పిలిచారు.

“అమ్మాయ్, ఆ సినిమాహాలు మీద ఏముందో చూడు. నాకు మసిబొట్టులా కనపడతంది.”

మా డాబాకి రెండు వీధుల అవతల ఒక సినిమాహాలు ఉండేది. దాని నెత్తిన ఇనప చట్రానికి హాలు పేరు నిలువెత్తు అక్షరాల్లో బిగించి ఉండేది. మూడో అక్షరం మీద ఒక పక్షి కూర్చుని ఉంది.

“గద్దండీ, మావయ్యగారూ.”

“లేస్తే చెప్పు.”

నేను చెప్పక్కర్లేకపోయింది. ధాన్యం గోదాముల వైపు నుంచి పావురాల గుంపు లేచింది. పక్షి అక్షరం మీద నుంచి జారినట్టు దిగి, తిరిగి పైకి లేచి, ఎండలోకి పోయింది. తర్వాత నేను చూసింది ఒక గీత మాత్రమే. బర్రున బట్ట చింపినట్టు చప్పుడైంది. పక్షీ లేదు, గుంపూ లేదు. గాల్లో నాలుగు ఈకలు దిగుతున్నాయి.

మావగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “విన్నావా? గద్దకి ఆ చప్పుడు ఉండదు. అది భైరి, వేట డేగ.”

చిన్నతనంలో ఆయన వాళ్ళ నాన్న వెంట బట్టల మూటతో దివిసీమ వైపు ఒక భూస్వామి ఇంటికి వెళ్ళారట. అక్కడ ఒక మనిషి చేతికి తోలు తొడుక్కుని, దాని మీద కళ్ళకు గంతలు కట్టిన డేగను కూర్చోబెట్టుకుని వచ్చాడట. గంతలు విప్పి చెరువు మీద బాతుల పైకి వదిలాడట. అప్పుడు విన్న చప్పుడు ఇదేనని మావగారు అన్నారు. ఇంకోసారి వింటాననుకోలేదని కూడా అన్నారు.

ఆ రోజు నుంచి మాకు అదే పని. ఆయన అడిగేవారు, నేను చూసి చెప్పేదాన్ని. ఎన్నింటికి వచ్చింది, ఏ అక్షరం మీద వాలింది, దేన్ని పట్టింది, ఎటు పోయింది. సాయంత్రం అవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఆయనకు చదివి వినిపించాలి. నేను “పొట్ట తెల్లగా ఉంది” అని రాస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు.

“తెలుపంటే ఏ తెలుపు? మల్లుగుడ్డ తెలుపా, చలవ చెయ్యని కోరా తెలుపా?”

“కోరా అండీ. అడ్డంగా సన్నటి నల్లగీతలు. నేతలో అడ్డం పేకకి ఒక పోగు నలుపు పడ్డట్టు.”

“అలా రాయి మరి.”

మా ఆయన మద్రాసు వెళ్ళినప్పుడు బర్మాబజారు నుంచి ఒక బైనాక్యులర్ తెచ్చారు. మావగారు దాన్ని దుర్భిణి అనేవారు. ఒక అద్దంలో బూజు. ఆ వైపు కన్ను మూసుకుని చూడాలి. పక్షి తలకి నల్ల టోపీ పెట్టినట్టు ఉండేది, బుగ్గ మీద మీసంలా నల్లచార దిగేది. గ్రంథాలయం నుంచి ఒక ఇంగ్లీషు పక్షుల పుస్తకం కూడా తెప్పించాను. నాది ఎస్సెల్సీ ఇంగ్లీషు. పెరిగ్రిన్ ఫాల్కన్ అన్న పేరు కూడబలుక్కుని చదివాను. బొమ్మ మా భైరికి సరిపోయింది. సరిపోయిందని నేను అనుకున్నాను అనటం నిజం. ఆ పుటలో మీసాలున్న డేగలు పక్కపక్కనే ఐదారు ఉన్నాయి. నేను మాత్రం మావగారు భైరి అన్న పక్షి కోసమే వెతికాను.

మా అత్తగారికి ఈ గొడవ మొదటి నుంచీ నచ్చలేదు. ఒకరోజు ఆవిడ ఆరబెట్టిన వడియాల మధ్యలో పావురం రెక్క ఒకటి, రక్తంతో సహా, వచ్చి పడింది. ఆవిడ చాపతో సహా ఎత్తి కుమ్మరించి, “మీ ఇద్దరి చాదస్తం నా నెత్తి మీదకి తెచ్చారు గదా. కోడలికి పక్కింటోళ్ళ కంటే పిట్టలెక్కువైపోయాయి,” అంది.

నిజానికి నాకు ఆ ఊళ్ళో పక్షి తప్ప వేరే పరిచయం లేదు. ఆ మాట ఆవిడతో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఉగాది దగ్గర పడుతుండగా పక్షి రావటం మానేసింది. మొదట రెండు రోజులు, తర్వాత వారం. ఎండలు ముదిరాయి. మావగారు కుర్చీ కిందికి దింపించేశారు. ఎవరైనా కొట్టి చంపేశారేమోనని నాకు భయం వేసింది. ఆయన మాత్రం “చలికాలపు చుట్టం అది. కార్తీకంలో వస్తుంది,” అనేవారు. అది ఆయనకు ఎలా తెలుసో నేను అడగలేదు. చిన్నప్పుడు చూసిన ఒక్క పూటలో అదంతా ఎవరు చెప్పి ఉంటారు?

కార్తీకం వచ్చింది. ఆయన మళ్ళీ డాబా ఎక్కారు. శుక్లాలు బాగా ముదిరి, మెట్టు మెట్టుకీ గోడ పట్టుకోవలసి వచ్చేది. ఈసారి ఆయనకు మసిబొట్టు కూడా కనపడటం లేదని నాకు తెలుసు. అక్షరాలు ఖాళీగా ఉన్న పూట కూడా “అదుగో, ఉందా?” అని అడిగేవారు. రోజూ “ఇంకా రాలేదండీ” అని చెప్పటం కష్టంగా ఉండేది. కార్తీకం దాటి మార్గశిరం సగం అయింది.

అప్పుడొక సాయంత్రం, ఎండ పచ్చబడే వేళ, మూడో అక్షరం మీద పక్షి వాలింది. దుర్భిణి ఎత్తాను. నల్ల టోపీ ఉంది. మీసం ఉంది. పొట్ట మాత్రం ఇటిక రంగు.

“ఏమ్మా, మాట్లాడవేం? వచ్చిందా?”

“వచ్చిందండీ.”

“అదేనా?”

నేను మళ్ళీ చూశాను. కిందటేడు పక్షి పెద్దదిగా ఉన్నట్టు గుర్తు. ఇది దిట్టంగా, చిన్నగా ఉంది. సాయంత్రపు ఎండకి పొట్ట ఎర్రగా కనపడుతుందేమో అనుకున్నాను. పక్షులు ఏడాదికోసారి ఈకలు మారుస్తాయని పుస్తకంలో ఉంది, రంగు కూడా మారుతుందేమో అనుకున్నాను. ఆయన ముఖం నా వైపు తిరిగి ఉంది.

“అదేనండీ.”

ఆయన రెండు చేతులూ జోడించి నవ్వారు. కిందికి వినపడేలా “ఇదుగో, వినపడిందా, మన భైరి వచ్చేసింది!” అని అత్తగారిని కేకేశారు.

మర్నాడు పొద్దున్నే, తెల్లటి ఎండలో చూశాను. ఇటిక రంగే. ఆ రోజు నోటుపుస్తకంలో వేళ రాశాను, అక్షరం రాశాను, పట్టిన చిలకను రాశాను. సాయంత్రం చదివి వినిపిస్తే ఆయన తలూపుతూ విన్నారు. రంగు సంగతి అడగలేదు. ఆయనకది తెలిసిన రంగే గదా.

ఆ తర్వాత ఒకరోజు ఇంకో సంగతి జరిగింది. కృష్ణ వైపు నుంచి ఒక పెద్ద డేగ సినిమాహాలు మీదుగా వచ్చింది. ఎర్రపొట్టది అక్షరం మీద నుంచి లేచి దాని మీద పడింది. రెండూ అరుచుకుంటూ ఒకదానికొకటి చుట్టుకుని ఎండలోకి పోయాయి. దుర్భిణి అందుకునే లోపు అంతా అయిపోయింది. వచ్చినదాని పొట్ట తెల్లగా ఉందా? ఉందనే అనిపించింది. మరి ఎండ కళ్ళల్లో పడి అలా అనిపించిందేమో.

“ఏంటా అరుపులు?” అన్నారు మావగారు.

“కాకిని తరుముతోందండీ,” అన్నాను.

ఎందుకలా అన్నానో ఈనాటికీ నాకు తెలియదు. మొదటి మాట ఆయన సంతోషం కోసం అన్నాను. రెండో మాట మొదటి మాట కోసం అన్నాననుకుంటాను.

సంక్రాంతి వెళ్ళాక ఆయనకు కుడికంటి ఆపరేషను అయింది. తల కదలకుండా రెండు పక్కలా ఇసక సంచులు పెట్టి వారం పైగా పడుకోబెట్టారు. తర్వాత కొన్ని వారాలకి గాజు గోళీలంత మందం అద్దాల కళ్ళజోడు ఇచ్చారు. అది పెట్టుకుని ఆయన మొదట అన్న మాట, “ఈ గోడకి నీలం ఇంత గాఢంగా ఎవరేయించార్రా?” అని. అది ఎప్పటి సున్నమో. అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఇటిక రంగు పొట్ట గుర్తొచ్చింది.

మూడోనాడు పొద్దున ఆయన డాబా ఎక్కారు. ఆ కళ్ళజోడుతో మెట్లు దగ్గరగా వచ్చినట్టు కనపడతాయట, కాలు ఎక్కడ వెయ్యాలో తెలియక నా భుజం పట్టుకున్నారు. పైన దుర్భిణి అందుకున్నారు. కళ్ళజోడు మీద అది ఆనదు. చాలాసేపు తిప్పలు పడి, చివరికి దుర్భిణి పక్కన పెట్టి, ఉత్త కళ్ళజోడుతోనే చూశారు. పక్షి అక్షరం మీద మా వైపు తిరిగి కూర్చుని ఉంది.

“ఇది మన భైరి కాదమ్మా,” అన్నారు.

నేను ఆయన పక్కన పెట్టిన దుర్భిణి తీసి తుడవటం మొదలుపెట్టాను.

“నీకు తెలుసా?”

“తెలీదండీ.” ఆయన నన్నే చూస్తున్నారు. ఆ అద్దాల వెనక కన్ను ఇంతై కనపడుతోంది. “తెలుసండీ,” అన్నాను.

“ఏదో ఒకటి చెప్పు.”

“ఏది చెప్పాలో తెలీట్లేదు మావయ్యగారూ.”

నోటుపుస్తకం తెమ్మన్నారు. అప్పటిదాకా ఆయన దాన్ని వినటమే గాని చదవలేదు. కుర్చీలో కూర్చుని, పుస్తకాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ, వేలితో వరస వరసా పట్టుకుని చదివారు. నేను పక్కనే నిలబడి తడిబట్టలు పిండుతున్నట్టు నటించాను.

“మొదటి ఏడంతా రంగు రాశావు. రెండో ఏడు ఒక్కచోటా రాయలేదేం?”

బట్టల కొట్టు మనిషికి రంగు దాచిపెట్టడం అంటే ఏమిటో మగ్గం ఇంట పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? నల్లంచు చీర సంగతి నాకు తెలిసి కూడా ఆ పని చేశాను. ఏడుపొచ్చింది. ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది.

“అబద్ధం ఆడావని కాదమ్మా,” అన్నారు పుస్తకం మూసి. “నా సందేహం వేరే. పోయినేడు నేను చూసింది ఒక చుక్క. భైరి అన్నాను. నేను భైరి అన్నానని నువ్వు భైరిని రాశావా? లేపోతే నిజంగానే అది భైరేనా?”

“కోరా పొట్ట చూశానండీ. గీతలు చూశాను.”

“గీతలున్నాయా అని నేనడిగానా, నువ్వే చెప్పావా?”

నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు. ఏ మాట ఎవరు ముందన్నారో, ఎంత వెనక్కి వెళ్ళినా తేలలేదు.

నాలుగు రోజులు ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఐదో రోజు ఆయనే “ఈ ఎర్రపొట్టది పొద్దుగూకితే ఎటు పోతంది?” అని అడిగారు. ఎప్పుడూ తూర్పుకే పోతుందని చెప్పాను. “తూర్పున కొండంటే గుణదల. పోయి చూద్దాం పద.”

అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. “మావా కోడళ్ళు రిక్షా ఎక్కి పిట్టను వెతుక్కోటానికి పోతారా? నలుగురూ ఏమనుకుంటారు?” అని, అంతలోనే, “నేనూ వస్తా. ఈయన కన్ను బాగైతే కొబ్బరికాయ కొడతానని ఆ కొండ మీద మేరీమాతకి మొక్కుకున్నా,” అంది. ఆ మొక్కు సంగతి మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

మాత పండగ అయిపోయి రెండు వారాలైంది. జనం పల్చగా ఉన్నారు. రెండు రిక్షాల్లో వెళ్ళాం. అత్తగారు కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేదాకా మావగారు మెట్ల మీద నిలబడి కొండ బండల్నే చూస్తున్నారు. కొవ్వొత్తులు అమ్మే ఒక పెద్దావిడ, తెల్లచీర, మెడలో శిలువ, ఆయన అవస్థ చూసి దగ్గరకు వచ్చింది.

“ఏం చూస్తున్నారండి?”

“ఇక్కడ డేగలేమైనా ఉంటాయామ్మా? ఎర్రపొట్టవి?”

“అయ్యో, ఉండకపోటమేంటండి. అదుగో ఆ నల్లబండ కింద చీలిక. ఏటా అక్కడే పిల్లల్ని పెడతాయి. పండక్కి మైకులు మోగినా, అంత జనం ఎక్కినా కదలవండి. మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా.”

చీలిక కింద బండ తెల్లటి రెట్టలతో చారలు కట్టి ఉంది. పైన ఒక పక్షి కూర్చుని ఉంది. కాసేపటికి ఇంకొకటి, దానికంటే చిన్నది, కాళ్ళలో ఏదో పట్టుకొచ్చింది. రెండూ ఎర్రపొట్టవే. అంటే ఇది చలికాలపు చుట్టం కాదు. మా సినిమాహాలు దీనికి పెరటి గుమ్మం లాంటిది.

“మరి తెల్లపొట్టది ఎప్పుడన్నా వస్తుందా అమ్మా?” అని మావగారు అడిగారు.

“చలికాలంలో పెద్దది ఒకటి వస్తే ఇవి తరిమేస్తాయండి. పొట్ట తెలుపో ఎరుపో నేను చూడలేదు. అంత ఎత్తులో ఏం తెలుస్తుందండి?”

ఆయన నా వైపు తిరిగారు. నాకు కాకి సంగతి గుర్తొచ్చింది. అక్కడే, మెట్ల మీద, అరుపుల రోజు నేను చూసింది చెప్పేశాను. చెప్పి, “తెల్లదేనని ఒట్టేసి చెప్పలేనండీ,” అన్నాను.

“వద్దులే, ఒట్లెందుకు,” అన్నారు. ఆ మాటలో క్షమించటం ఉందో, విసుగు ఉందో నాకు అర్థం కాలేదు. అత్తగారు మాత్రం చీలిక వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని, “పిల్లలున్నాయా లోపల?” అని కొవ్వొత్తులావిడని అడుగుతోంది.

ఆ వేసవి లోపల మూడుసార్లు వెళ్ళాం. రెండు పిల్లలు చీలిక అంచుకి వచ్చి రెక్కలు కొట్టుకోవటం చూశాం. ఆఖరుసారి వెళ్ళేసరికి ఒకటే ఉంది. రెండోది ఎగిరిందో పడిందో ఎవరూ చూడలేదు.

వానాకాలంలో మా కొట్టుకి పంచెల కోసం వచ్చే జువాలజీ లెక్చరరు గారిని మావగారే ఈ సంగతి అడిగారు. ఆయన నోటుపుస్తకం తిరగేసి, చలికాలం ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చే తెల్లపొట్ట భైరి ఒకటనీ, మన కొండల్లోనే ఉండే ఎర్రపొట్ట భైరి ఇంకొకటనీ, రెండింటిదీ ఒకే జాతనీ చెప్పారు. “మొదటి ఏడు వచ్చింది ఉత్తరాది పక్షే అయ్యుంటుందండీ. ఖాయంగా చెప్పటానికి పక్షి చేతిలో ఉండాలి మరి,” అన్నారు.

ఆయన వెళ్ళాక మావగారు అన్నారు, “ఒకే జాతంట. అంటే నువ్వు అబద్ధం చెప్పలేదన్నమాట.”

“చెప్పానండీ. అది నిజమో కాదో తెలియకముందే చెప్పాను.”

ఆయన పగలబడి నవ్వారు. ఆపరేషను తర్వాత అంత గట్టిగా నవ్వటం అదే మొదలు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను చెప్పింది తప్పో ఒప్పో తేల్చుకోలేక ఆ రాత్రి వంట మాడ్చాను.

మరుసటి మాఘంలో నాకు అమ్మాయి పుట్టింది. కాన్పు బెజవాడలోనే అయింది. మా అమ్మ పెడన నుంచి వచ్చి నాకు తోడుగా ఉంది. నేను పచ్చి బాలింతరాలిని, గడప దాటకూడదు. గుణదల చీలికలో మళ్ళీ గూడు పెట్టాయని కొవ్వొత్తులావిడ కబురు పంపింది. ఈసారి మావగారూ అత్తగారూ ఇద్దరే ఒక రిక్షాలో వెళ్ళారు. అంతకు ముందు ఆ ఇద్దరూ ఒక రిక్షాలో కూర్చోవటం నేను చూడలేదు.

కిటికీ దగ్గర మంచం మీద పడుకుని వాళ్ళ కోసం ఎదురుచూశాను. నేను లేకుండా వెళ్ళినందుకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పిల్ల ఏడుస్తోంది. దాన్ని ఎత్తుకోవాలని కూడా తోచలేదు, అమ్మ వచ్చి ఎత్తుకుంది.

పొద్దు వాలాక వచ్చారు. అత్తగారు గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ మొదలుపెట్టింది. “మూడు పిల్లలమ్మా! తెల్లటి బొచ్చుతో దూదిపింజల్లా ఉన్నాయి.”

“రెండే,” అన్నారు మావగారు.

“మీరు కళ్ళజోడు తుడుచుకునే లోపల మూడోది లోపలికి పోయింది.”

“మూడోది రాయి. నేనెరగనా?”

ఇద్దరూ నా మంచానికి చెరో వైపు నిలబడి నా ముఖంలోకి చూశారు. నేను లెక్క తేల్చాలన్నట్టు. నేను చూడని పిల్లలు అవి.

“రేపు మళ్ళీ వెళ్ళి చూసి రండి,” అన్నాను.

మర్నాడు వెళ్ళారు. నాలుగోనాడు కూడా వెళ్ళారు, వచ్చి మళ్ళీ అదే వాదన. రెండో, మూడో నాకు చివరిదాకా తెలియలేదు. నేను మళ్ళీ గుణదల మెట్లు ఎక్కేసరికి చీలిక ఖాళీగా ఉంది.